1814 సెప్టెంబరులో బొంబాయి ఓడ మిండెన్ ఎక్కడుంది?

1812లో మొదలైన అమెరికా–బ్రిటన్ యుద్ధం మీద వ్యాసం రాస్తూ ఒక్క విషయం దగ్గర ఇరుక్కుపోయాను.

హెచ్‌ఎంఎస్ మిండెన్ అనేది బొంబాయి డాక్‌యార్డులో వాడియాలు (ఓడలు కట్టే పార్సీ కుటుంబం) టేకుతో కట్టిన 74 ఫిరంగుల బ్రిటిష్ యుద్ధనౌక. 1810లో నీళ్లలోకి దిగింది. అమెరికా లాయరు ఫ్రాన్సిస్ స్కాట్ కీ ఆ దేశ జాతీయ గీతం రాసింది ఈ ఓడ మీదేనని మన పత్రికల్లో, వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది.

అమెరికా వైపు కథనం వేరు. బ్రిటిష్ వాళ్లు పట్టుకుపోయిన అమెరికన్ డాక్టర్ బీన్స్‌ను విడిపించడానికి వెళ్లిన కీ, వాళ్లతో మాట్లాడింది టొనాంట్ అనే బ్రిటిష్ ఓడలో. బాల్టిమోర్ దగ్గర మెక్‌హెన్రీ కోట మీద 1814 సెప్టెంబరు 13 ఉదయం నుంచి సుమారు 25 గంటలు బాంబులు పడుతుంటే, అది చూసి గీతం రాసిన కీ, రాయబారానికి తాను వచ్చిన తెల్లజెండా ఓడ మీదే ఉన్నాడట. పైగా అక్కడ నీటి లోతు తక్కువ. పెద్ద ఓడలు కోట దాకా రాలేక వెనకే ఆగిపోయాయి. నాకైతే మిండెన్ కథ తర్వాత ఎవరో అతికించినట్టే ఉంది.

నెట్‌లో దొరికిన వ్యాసాలన్నీ చదివాను. ఒకదాన్ని చూసి ఇంకొకటి రాసినవే, ఒక్కదానికీ ఆధారం లేదు. మిండెన్ 1811లో జావా దాడిలో, 1816లో అల్జీర్స్ దాడిలో ఉందని తేలింది. మధ్యలోదే తెలియట్లేదు. లండన్ క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌కు వెళ్లి కెప్టెన్ లాగ్‌బుక్కులు తిరగేసే వీలు నాకు లేదు.

1814 సెప్టెంబరులో మిండెన్ ఏ సముద్రంలో ఉందో చూపే లాగ్‌బుక్ పేజీ గానీ, ఆనాటి పత్రిక వార్త గానీ ఇంట్లో కూర్చుని చూడాలంటే ఎక్కడ దొరుకుతుంది?