హైదరాబాద్‌లో లైజనింగ్ ఏజెంట్లకు రిజిస్ట్రేషన్ ఉందా? లేకపోతే వాళ్ల జాడ ఏ కాగితంలో దొరుకుతుంది?

కాప్రా_కాలనీ:
కాలనీ సంఘం తరఫున అడుగుతున్నా. పక్క స్థలానికి భూ వినియోగ మార్పిడి ఫైలు హెచ్‌ఎండీఏలో (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) నడుస్తోంది. బిల్డర్ల తరఫున ఆఫీసుల చుట్టూ తిరిగే లైజనింగ్ వాళ్లు ఎక్కడైనా పేరు నమోదు చేసుకోవాలా? ఎవరు ఏ ఆఫీసర్‌ని కలిశారో చూపే రిజిస్టర్ ఉంటుందా?

ఫైలు_పరుగు:
లేదండీ. నగరంలోనే కాదు, దేశంలోనే లేదు. 2013లో లోక్‌సభలో లాబీయింగ్ (ప్రభుత్వ నిర్ణయాల కోసం అధికారుల, నేతల దగ్గర చేసే పైరవీ) వివరాల వెల్లడి మీద ఒక ప్రైవేటు సభ్యుడి బిల్లు పెట్టారు, చట్టం కాలేదు. అంతకు ముందు ఏడాది వాల్‌మార్ట్ గొడవ గుర్తుందా? మన మార్కెట్‌లోకి రావడానికి ఆ కంపెనీ లాబీయింగ్ చేయించిందన్న సంగతి బయటపడింది అమెరికాలో దాఖలు చేసిన రిపోర్టుల వల్ల. మన దగ్గర ఏ కాగితమూ లేదు.

మన చట్టం పట్టుకునేది లంచాన్నే. అవినీతి నిరోధక చట్టంలో 2018 సవరణతో వచ్చిన 7ఎ సెక్షన్ పైరవీకారుడికి సరిగ్గా సరిపోతుంది: ఆఫీసర్‌ని అక్రమంగా గానీ, సొంత పలుకుబడి వాడి గానీ ఒప్పిస్తానని డబ్బు తీసుకుంటే 3 నుంచి 7 ఏళ్ల జైలు. బలవంతం మీద లంచం ఇచ్చినవాళ్లు 7 రోజుల్లోపు ఫిర్యాదు చేస్తే సెక్షన్ 8 కింద నేరం కాదు. ఏసీబీ నంబర్ 1064. డబ్బో, మరో లాభమో చేతులు మారకుండా జరిగే ఒత్తిడి మాత్రం ఈ చట్టానికి చిక్కదు.

మున్సిపల్_మావయ్య:
బయటి నగరాల్లో ఎలా ఉందో చెబుతా, మనం ఏం అడగాలో తేలుతుంది. టొరంటోలో 2008 నుంచి లాబీయిస్టుల రిజిస్ట్రీ నడుస్తోంది. కంప్యూటర్ల లీజు కాంట్రాక్టు మీద జరిగిన విచారణ తర్వాత పెట్టారు. అక్కడ నమోదు కాకుండా కౌన్సిలర్‌తో మాట్లాడకూడదు, మాట్లాడాక ఆ సంగతి మూడు పనిదినాల్లో రిజిస్ట్రీకి ఎక్కాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రతి నెలా రిపోర్టు ఇవ్వాలి. కంపెనీ సొంత ఉద్యోగి ఒక నెలలో అయిదుసార్లు అధికారులను సంప్రదిస్తే లాబీయిస్టు కిందే లెక్క. న్యూయార్క్‌లో లాబీయింగ్ మీద ఏడాదికి 5,000 డాలర్లు దాటితే నమోదు కావాలి. అక్కడ నాకు నచ్చింది, లాబీయిస్టుతో పాటు పని అప్పగించిన క్లయింట్ కూడా ఏడాదికోసారి వేరే రిపోర్టు వేయాలి. రెండూ పక్కపక్కన పెడితే తేడా తెలిసిపోతుంది.

మన పర్మిషన్ ప్లాన్ మీద ఆర్కిటెక్టు, స్ట్రక్చరల్ ఇంజనీర్ లైసెన్స్ నంబర్లు ఉంటాయి. ఫైలును నిజంగా కదిలించినవాడి పేరు ఎక్కడా ఉండదు.

ఫైలు_పరుగు:
అందుకే మనుషుల గురించి కాదు, కాగితాల గురించి అడగాలి. "ఎవరు కలిశారు, ఎందుకు ఒప్పుకున్నారు" అని ఆర్టీఐ వేస్తే తిప్పి పంపుతారు. రికార్డులో లేని కారణాన్ని, అభిప్రాయాన్ని తయారుచేసి ఇవ్వాల్సిన పని పీఐఓకి (ఆఫీసులోని సమాచార అధికారికి) లేదు. ఇలా రాయండి: "ఫలానా సర్వే నంబర్, ఫలానా ఫైలు నంబర్ మీద ఈ తేదీ నుంచి ఈ తేదీ దాకా వచ్చిన వినతిపత్రాలన్నీ, వాటి ఇన్‌వర్డ్ నంబర్లతో, నోట్‌ఫైల్ అన్ని పేజీలు, ఇ-ఆఫీస్‌లో ఫైలు ఏ తేదీన ఎవరి దగ్గర ఉందో ఆ వివరం." నోట్‌ఫైల్ అంటే అధికారులు ఫైలు మీద రాసుకునే అభిప్రాయాలు, ఆదేశాలు. అది విడిగా రాయకపోతే ఉత్తర ప్రత్యుత్తరాలు మాత్రం ఇచ్చి ఊరుకుంటారు, అసలు సరుకు నోట్‌లోనే ఉంటుంది.

భూ వినియోగ మార్పిడి జీఓ ఇచ్చేది ప్రభుత్వం, హెచ్‌ఎండీఏ కాదు. కాబట్టి రెండు దరఖాస్తులు: ఒకటి హెచ్‌ఎండీఏకి, ఒకటి సచివాలయంలో పురపాలక శాఖకి. ఒక్కటే వేస్తే సగం ఫైలే వస్తుంది. ఫీజు 10 రూపాయలు, కోర్టు ఫీ స్టాంపు అంటిస్తే చాలు. వందల పేజీల ఫైలైతే కాపీలు కాదు, తనిఖీకి అడగండి. మొదటి గంటకు రుసుం లేదు, కావలసిన పేజీలు గుర్తుపెట్టి అవే తీసుకోవచ్చు.

గడువు 30 రోజులు. బిల్డర్ ఇచ్చిన రహస్య సమాచారం అంటూ అతని అభిప్రాయం కోరుతూ సెక్షన్ 11 నోటీసు పంపితే 40 దాకా సాగుతుంది. జవాబు రాకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో సమాచార కమిషన్‌కి.

నల్లకుంట_నోట్‌ఫైల్:
ఒక అడ్డంకి చెప్పలేదు మీరు. డేటా రక్షణ చట్టం ద్వారా ఆర్టీఐ చట్టంలో వ్యక్తిగత సమాచారానికి మినహాయింపు ఇచ్చే సెక్షన్ 8(1)(జె)ని మార్చారు, 2025 నవంబర్ నుంచి అమలు. ఇప్పుడు వ్యక్తిగత సమాచారం అన్న ఒక్క మాటతో తిరస్కరించొచ్చు. విజిటర్ల రిజిస్టర్ అడిగితే దాదాపు అదే జవాబు. కంపెనీ లెటర్‌హెడ్ మీద వచ్చిన వినతిపత్రం వ్యక్తిగతం కాదని, సెక్షన్ 8(2) కింద ప్రజాప్రయోజనం ఉందని దరఖాస్తులోనే రెండు లైన్లు రాయండి. అప్పీలుకి పునాది పడుతుంది. అసలు అనుమతులు, రాయితీలు పొందినవాళ్ల వివరాలు అడగకుండానే ప్రచురించాలని అదే చట్టంలోని సెక్షన్ 4(1)(బి) చెబుతోంది. ఆ మాట కూడా ఎత్తిచూపండి.

టెండర్_టపా:
టెండర్ల సంగతి వేరు, అక్కడ ఒత్తిడి కాగితం మీదే కనిపిస్తుంది. ప్రీ-బిడ్ మీటింగ్ మినిట్స్, బిడ్డర్లు రాసిన సందేహాలు, తర్వాత వచ్చిన కారిజెండం (టెండర్ షరతుల సవరణ పత్రం), ఈ మూడూ అడగండి. అర్హత షరతు టర్నోవరో, అనుభవమో మధ్యలో మారితే ఎవరి ప్రశ్న తర్వాత మారిందో చూస్తే సరిపోతుంది. జీహెచ్‌ఎంసీ చట్టం (1955) ప్రకారం కార్పొరేషన్ కాంట్రాక్టులో నేరుగానో పరోక్షంగానో వాటా ఉన్న కార్పొరేటర్ అనర్హుడు. అనుమానం ఉంటే ఎన్నికల అఫిడవిట్‌లోని ఆస్తులను, కంపెనీ డైరెక్టర్ల పేర్లను పక్కపక్కన పెట్టి చూడండి.

కాప్రా_కాలనీ:
మంచి వివరాలు, థ్యాంక్సండీ. ఇంకొకటి. మేమూ కమిషనర్‌ని కలిసి వినతిపత్రం ఇస్తున్నాం కదా, రేపు రిజిస్టర్ లాంటిది వస్తే మేమూ లాబీయిస్టులమేనా?

మున్సిపల్_మావయ్య:
టొరంటోలో అయినా న్యూయార్క్‌లో అయినా లెక్కలోకి వచ్చేది ప్రధానంగా డబ్బు తీసుకుని ఇతరుల తరఫున మాట్లాడేవాళ్లు. సొంత కాలనీ కోసం జీతం లేకుండా వెళ్లేవాళ్లు రారు. జీతం ఇచ్చి మనిషిని పెట్టుకుంటే మాత్రం మీ సంఘమూ చూసుకోవాల్సి వస్తుంది. ప్రస్తుతానికి హెచ్‌ఎండీఏ పేపర్ నోటిఫికేషన్‌లో అభ్యంతరాల గడువు ఎప్పటికో ముందు అది చూడండి. గడువు లోపు రాతపూర్వకంగా ఇచ్చి ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకున్న కాపీ దగ్గర పెట్టుకోండి. ఆర్టీఐ జవాబు వచ్చేదాకా ఆగితే ఆ తేదీ దాటిపోతుంది.