బూట్‌లోనే పెర్ఫార్మెన్స్ గవర్నర్ పెట్టెయ్యాలా, డీఫాల్ట్‌కి వదిలెయ్యాలా?

#1 | నిద్రపోని కోర్

ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉండే లినక్స్ డెస్క్‌టాప్ గురించి మాత్రమే మాట్లాడుకుందాం. బ్యాటరీ గొడవ లేదు. అలాంటప్పుడు ప్రతి బూట్‌లోనూ గవర్నర్‌ని (ప్రాసెసర్ ఎంత వేగంతో నడవాలో తేల్చే కెర్నల్ విధానం) పెర్ఫార్మెన్స్‌లో పెట్టెయ్యడమే సరైన పద్ధతని నా వాదన. చాలా డిస్ట్రోల్లో డీఫాల్ట్‌గా పవర్‌సేవ్ అనో, షెడ్యుటిల్ (లోడ్‌ని బట్టి వేగం మార్చేది) అనో ఉంటుంది. డబ్బు పెట్టి కొన్న ప్రాసెసర్‌ని పొదుపులో నడపడం దేనికి? సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ సెట్టింగులు ఫైళ్లుగా కనిపించే చోటు) రాసింది రీబూట్‌తో పోతుంది కాబట్టి, ఆ సెట్టింగులు మార్చే సీపీయూపవర్ కమాండ్‌ని బూట్‌లో తనంతట తానే నడిచే ఒక సిస్టమ్‌డి సర్వీస్‌లో పెట్టేస్తే పని అయిపోతుంది. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

#2 | చల్లటి డబ్బా

ముందు డ్రైవర్ (చిప్ వేగాన్ని నిజంగా మార్చే కెర్నల్ భాగం) ఏదో చూడండి, గవర్నర్ సంగతి తర్వాత. సిస్‌ఎఫ్‌ఎస్‌లోని సీపీయూఫ్రీక్ ఫోల్డర్‌లో స్కేలింగ్ డ్రైవర్ అనే ఫైలు చదివితే తెలిసిపోతుంది. అక్కడ ఇంటెల్ పీస్టేట్ అని ఉంటే, మీరు "పవర్‌సేవ్" అని చదివి జాలిపడుతున్నది అసలు పొదుపే కాదు. యాక్టివ్ మోడ్‌లో (వేగం సంగతి డ్రైవర్ తానే చూసుకునే పద్ధతి) ఆ డ్రైవర్ చూపించేవి రెండే పేర్లు: పెర్ఫార్మెన్స్, పవర్‌సేవ్. ఇక్కడి పవర్‌సేవ్ అంటే పని పడితే టర్బో (బేస్ ఫ్రీక్వెన్సీని మించిన వేగం) దాకా వెళ్లేదే. కనిష్ఠ వేగం దగ్గరే కూర్చోబెట్టే పవర్‌సేవ్ వేరు, అది ఏసీపీఐ సీపీయూఫ్రీక్ లాంటి డ్రైవర్లలో ఉండే జెనరిక్ గవర్నర్. పేరొక్కటే, పనులు రెండు. గవర్నర్ మీద జరిగే గొడవల్లో సగం ఈ పేరు వల్లే.

స్కైలేక్ నుంచి ఇంటెల్ చిప్‌లలో హార్డ్‌వేర్ పీస్టేట్స్ ఉన్నాయి. ఏ క్షణంలో ఎంత ఫ్రీక్వెన్సీ అన్నది చిప్పే తేల్చుకుంటుంది, కెర్నల్ ఇచ్చేది సూచన మాత్రమే. వేగం వైపు మొగ్గాలా, పొదుపు వైపా అన్న ఆ సూచన పేరు ఈపీపీ. ఏఎండీలో కూడా జెన్ 2, ఆ తర్వాతి చిప్‌లకు సీపీపీసీ (వేగం గురించి కెర్నల్, చిప్ మాట్లాడుకునే పద్ధతి) ఉంటే కెర్నల్ 6.5 నుంచి ఏఎండీ పీస్టేట్ యాక్టివ్ మోడే డీఫాల్ట్. అక్కడా ఇదే కథ.

#3 | నిద్రపోని కోర్

సరే, పేరు విషయం ఒప్పుకుంటాను. కానీ పెర్ఫార్మెన్స్ అని రాస్తే తేడా ఏమీ రాదంటారా?

#4 | చల్లటి డబ్బా

వస్తుంది, మీరు అనుకునే చోట కాదు. గవర్నర్‌ని పెర్ఫార్మెన్స్‌లో పెట్టగానే ఈపీపీ కూడా ఆ కొసకి బిగుసుకుంటుంది. తర్వాత ఈపీపీలోకి బ్యాలెన్స్ పెర్ఫార్మెన్స్ అని రాయబోతే "డివైస్ బిజీ" అన్న ఎర్రర్ వస్తుంది. చాలామంది దాన్ని బగ్ అనుకుంటారు, అది డ్రైవర్ కావాలని పెట్టిన అడ్డు. గవర్నర్‌ని పవర్‌సేవ్‌లోనే ఉంచి ఈపీపీని మారిస్తే 5 మెట్లు చేతిలో ఉంటాయి: డీఫాల్ట్, పెర్ఫార్మెన్స్, బ్యాలెన్స్ పెర్ఫార్మెన్స్, బ్యాలెన్స్ పవర్, పవర్. ఇంట్లో వాడే మెషీన్‌కి బ్యాలెన్స్ పెర్ఫార్మెన్స్ చాలు. బ్రౌజర్ తెరిచినా, కోడ్ కంపైల్ చేసినా చిప్ మిల్లీసెకన్లలోనే పైకి లేస్తుంది.

#5 | పాత ఇనుము

మీ ఇద్దరి మాటలూ కొత్త చిప్‌ల గురించే. ఇళ్లలో ఇంకా నడుస్తున్న పాత డబ్బాల సంగతి? ఏసీపీఐ సీపీయూఫ్రీక్ డ్రైవర్ మీద షెడ్యుటిల్ ఉన్నప్పుడు ఆలస్యం నిజంగానే ఉంటుంది, లెక్క వేసి చూపిస్తాను. కెర్నల్ ప్రతి పనికీ ఎంత లోడ్ ఉందో నెమ్మదిగా పెరిగే సగటుతో కొలుస్తుంది. ఆ సగటు అర్ధాయువు 32 మిల్లీసెకన్లు. ఊరికే ఉన్న పని ఒక్కసారిగా పూర్తి లోడ్‌కి వెళ్లినా, 32 మిల్లీసెకన్లు గడిచేసరికి లెక్కలో చేరేది సగమే. షెడ్యుటిల్ దాన్ని 1.25తో గుణించి ఫ్రీక్వెన్సీ అడుగుతుంది, అంటే గరిష్ఠంలో సుమారు 62 శాతం. చిన్న చిన్న పనులు పడుతూ ఆగుతూ ఉండే చోట (గేమ్‌లో ఫ్రేములు, ఆడియో బఫర్లు) పైకి లేచేలోపే పని అయిపోతుంది. అలాంటి మెషీన్‌కి బూట్‌లోనే పెర్ఫార్మెన్స్ అన్నది అంధవిశ్వాసం కాదు.

విద్యుత్తు వృథా అన్న భయం కూడా అతిగానే ఉంది. ఊరికే ఉన్న కోర్ సీ-స్టేట్ అనే నిద్ర స్థితిలోకి పోయి పడుకుంటుంది, గడియారమే ఆగిపోతుంది. ఆగిన గడియారానికి 4 గిగాహెర్ట్జ్ అని పేరు పెట్టినా, 800 మెగాహెర్ట్జ్ అని పెట్టినా ఒకటే.

#6 | చల్లటి డబ్బా

పాత ఇనుము గారూ, మీ లెక్క సరైనదే. రెండో పేరాకి మాత్రం ఒక షరతు చేర్చండి: బయోస్‌లో సీ-స్టేట్స్ ఆన్‌లో ఉంటేనే. ఓవర్‌క్లాక్ చిట్కాలు చదివి వాటిని ఆపేసి, పైన పెర్ఫార్మెన్స్ కూడా పెట్టిన మెషీన్ ఖాళీగా ఉన్నా వేడెక్కుతూనే ఉంటుంది. ఊహలు వద్దు, టర్బోస్టాట్ అనే టూల్ నడిపి ప్యాకేజ్ వాట్స్ (మొత్తం చిప్ వాడే పవర్) నిలువు వరస చూడండి. ఏమీ చెయ్యకుండా 2 నిమిషాలు ఒక గవర్నర్‌లో, 2 నిమిషాలు ఇంకోదానిలో. కోర్ ఫ్రీక్వెన్సీ అంకెలు చూసి మాత్రం తీర్పు చెప్పకండి. వాటిని చదవడానికే కోర్ లేవాల్సి రావచ్చు.

అసలు నా అభిప్రాయం ఇదీ: బూట్‌లో ఏదైనా ఒక్కటే మార్చాలంటే గవర్నర్ కాదు, పై హద్దు మార్చండి. డైనమిక్ పవర్ వోల్టేజ్ వర్గానికీ, ఫ్రీక్వెన్సీకీ అనుపాతంలో పెరుగుతుంది. ఉదాహరణకి 4 గిగాహెర్ట్జ్‌కి 1.0 వోల్ట్, 5కి 1.3 వోల్ట్ కావాల్సిన చిప్ అనుకోండి. వేగం 25 శాతం పెరిగింది, పవర్ 1.69 × 1.25, అంటే 2.1 రెట్లు. ఆ చివరి కొన్ని వందల మెగాహెర్ట్జ్ కోసమే ఫ్యాన్ అరుస్తుంది. సీపీయూపవర్‌లో గరిష్ఠ హద్దు ఆప్షన్‌తో 4200 మెగాహెర్ట్జ్ అని ఇచ్చి వారం వాడి చూడండి. టర్బోని పూర్తిగా ఆపే నో టర్బో ఫైల్ జోలికి పోవద్దు, అది బేస్ ఫ్రీక్వెన్సీకి దించేస్తుంది. మొద్దు కత్తి.

#7 | నిద్రపోని కోర్

పై హద్దు తగ్గించడమా! కొన్న వేగాన్ని మనమే కోసుకోవడం నాకు మింగుడుపడదు. దానికన్నా మంచి కూలర్ పెట్టుకోవడం నయం. అది అలా ఉంచండి, సర్వీస్ రాశాను అనుకుందాం, సరిగ్గా ఎలా రాయాలి?

#8 | యూనిట్ ఫైలు

వాదన మీరు తేల్చుకోండి, రాసే పద్ధతి నేను చెప్తాను. జనం తప్పు చేసేది ఎక్కువగా ఇక్కడే.

సర్వీస్ టైప్ వన్‌షాట్, రిమెయిన్ ఆఫ్టర్ ఎగ్జిట్‌కి విలువ "యెస్", వాంటెడ్ బై దగ్గర మల్టీ-యూజర్ టార్గెట్. ఎగ్జెక్ స్టార్ట్ లైన్ షెల్ ద్వారా నడవదు. అందులో నక్షత్రం గుర్తు పెట్టి "అన్ని కోర్లూ" అనుకున్నా, ఫైల్లోకి పంపే బాణం గుర్తు పెట్టినా పనిచెయ్యవు. కమాండ్‌ని షెల్‌కి అప్పగించి, దానికి మైనస్ సీ ఇచ్చి రాయాలి. టెర్మినల్లో పరీక్షించేటప్పుడూ ఇలాంటి చిక్కే ఉంది: ఎకో ముందు సుడో పెట్టి బాణంతో రాస్తే పర్మిషన్ డినైడ్ వస్తుంది. సుడో హక్కు ఎకోకి అందింది గానీ, ఫైలు తెరిచేది మీ మామూలు షెల్. బాణం బదులు పైప్ గుర్తు పెట్టి సుడో టీ కమాండ్‌కి పంపండి.

ఉబుంటులో సీపీయూపవర్ కెర్నల్ వెర్షన్‌కి జతగా వస్తుంది. కెర్నల్ అప్‌డేట్ అయ్యి దాని జత టూల్స్ ప్యాకేజీ రాకపోతే సర్వీస్ ఫెయిల్ అవుతుంది, లాగ్ చూస్తే తప్ప మీకు తెలీదు. అందుకే నేరుగా సిస్‌ఎఫ్‌ఎస్ ఫైళ్లలోకి రాయడమే నాకు నచ్చుతుంది. అలా రాసేటప్పుడు అంకె కిలోహెర్ట్జ్‌లో: 4.2 గిగాహెర్ట్జ్ అంటే 4200000. ఒక సున్నా తప్పితే మెషీన్ నత్తలా పాకుతుంది, లేదా కెర్నల్ ఆ అంకెని తిరగ్గొడుతుంది.

గవర్నర్ ఒక్కటే మార్చాలంటే సర్వీసే అక్కర్లేదు. కెర్నల్ 5.9 నుంచి సీపీయూఫ్రీక్ డీఫాల్ట్ గవర్నర్ అనే బూట్ పారామీటర్ ఉంది. గ్రబ్ (బూట్‌లోడర్) డీఫాల్ట్ ఫైల్లోని కమాండ్‌లైన్‌కి చేర్చి గ్రబ్ అప్‌డేట్ చెయ్యడమే. పీస్టేట్ యాక్టివ్ మోడ్‌లో షెడ్యుటిల్ అని ఇస్తే పట్టించుకోదు, అక్కడ చెల్లేవి ఆ రెండు పేర్లే.

టీఎంపీఫైల్స్ (బూట్‌లో ఫైళ్లు తయారుచేసే, వాటిలోకి రాసే సిస్టమ్‌డి భాగం) పద్ధతి కూడా బాగుంటుంది, డబ్ల్యూ రకం లైను ఒక్కటి చాలు. కానీ అది బూట్‌లో చాలా ముందే నడుస్తుంది. పాత ఇనుము గారి మెషీన్‌లా డ్రైవర్ మాడ్యూల్‌గా తర్వాత లోడ్ అయితే, రాసే సమయానికి ఆ ఫైలే ఉండదు.

#9 | పాత ఇనుము

అందుకే ఇక్కడ సర్వీస్, లేదా పారామీటర్. నా మాట మారలేదు: ఏసీపీఐ సీపీయూఫ్రీక్ అయితే పెర్ఫార్మెన్స్, పీస్టేట్ అయితే ముట్టుకోవద్దు.

#10 | నిద్రపోని కోర్

పీస్టేట్ మెషీన్‌లో ఇదంతా చేసినా, డెస్క్‌టాప్ వచ్చాక మళ్లీ పవర్‌సేవ్ కనిపిస్తే?

#11 | యూనిట్ ఫైలు

అయితే మీ తర్వాత ఇంకొకరు రాశారన్నమాట. పవర్ సెట్టింగులు చూసుకునే ప్రోగ్రాములు పవర్ ప్రొఫైల్స్ డీమన్, టీఎల్‌పీ, ట్యూన్డ్: ఈ మూడింట్లో ఒకటే ఉండాలి. ఉన్నదేదో అదే గవర్నర్‌నీ, ఈపీపీనీ తిరగరాస్తుంది. మీ సర్వీస్‌కి ఆఫ్టర్ అని పెట్టినా చాలదు, ఎవరైనా ప్రొఫైల్ మార్చిన మరుక్షణం మీది పోతుంది. డీమన్‌ని మాస్క్ చెయ్యండి (అసలు మొదలవ్వకుండా ఆపెయ్యండి), లేదా మీ సర్వీస్ తీసేసి ప్రొఫైల్‌నే పెర్ఫార్మెన్స్‌కి మార్చుకోండి. రెండూ ఉంచుకుని కుస్తీ పట్టించొద్దు. ఒక్క గేమ్ కోసమో, రెండరింగ్ కోసమో అయితే ఆ ప్రోగ్రామ్ నడిచినంతసేపే ప్రొఫైల్ పట్టి ఉంచే లాంచ్ ఆప్షన్ పవర్ ప్రొఫైల్స్ డీమన్ కమాండ్‌లోనే ఉంది. అప్పుడు బూట్‌లో ఏమీ రాయక్కర్లేదు.

పాత ఉబుంటుల్లో ఇంకో మాయ ఉండేది. ఆన్‌డిమాండ్ అనే స్టార్టప్ స్క్రిప్ట్ 60 సెకన్లు నిద్రపోయి లేచి గవర్నర్‌ని మార్చేసేది. కాబట్టి ఏ మెషీన్ అయినా లాగిన్ అవ్వగానే చూసి సంతోషపడకండి, 2 నిమిషాలు ఆగి చూడండి. సీపీయూపవర్ ఫ్రీక్వెన్సీ ఇన్ఫోని ఊరికే నడిపితే ఒక్క కోర్ సంగతే చెప్తుంది, మైనస్ సీ ఆల్ చేర్చండి. పీ-కోర్లు (వేగమైనవి), ఈ-కోర్లు (పొదుపైనవి) కలిసి ఉన్న చిప్‌లో ఇది మరీ ముఖ్యం: రెండింటి గరిష్ఠాలూ వేరు, మీరు అన్నిటికీ ఒకటే అంకె రాసినా ఈ-కోర్లు తమ హద్దు దాటవు.