పాత ఉక్కు నగరం పిట్స్‌బర్గ్‌లో స్థిరపడటం మంచిదేనా?

కొత్తగా_వస్తున్నా:
మా ఆవిడకి అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో హాస్పిటల్ ఉద్యోగం వచ్చింది. వెళ్తే అక్కడే ఇల్లు కొనుక్కుందామని ఉంది, కానీ 1950లో 6.76 లక్షలున్న జనాభా 2020కి 3 లక్షలకు పడిపోయిందని చూశాక టెన్షన్ మొదలైంది. ఆ ఊరు నిజంగా కోలుకుందా, పైపై మెరుగులేనా?

మూడునదుల_గట్టు:
తొమ్మిదేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను, ధైర్యంగా రండి. జనం తగ్గారు గానీ, వాళ్లకోసం కట్టిన పార్కులు, లైబ్రరీలు, మ్యూజియాలు ఎక్కడికీ పోలేదు. ఒకసారి హేజిల్‌వుడ్‌లో మిల్ 19 చూడండి. పాత మిల్లు గోడలు ఊడదీసి ఇనప చట్రాన్ని మాత్రం అలాగే ఉంచారు, పైనంతా సోలార్ పలకలు, లోపల కొత్త గదుల్లో రోబోల మీద పరిశోధన. సాయంత్రం ఎండ ఆ తుప్పు దూలాల సందుల్లోంచి పడుతుంటే నేను నడక ఆపేసి నిలబడిపోతాను.

లోయలో_ఇల్లు:
మిల్ 19 బాగుంది, కాదనను. మరి గాలి సంగతి? ఉక్కు పూర్తిగా పోలేదండీ. 1875లో మొదలైన పక్క ఊరు బ్రాడక్ మిల్లు ఇంకా నడుస్తోంది, ఇంకాస్త దిగువన క్లెయిర్టన్‌లో కోక్ (ఉక్కు కోసం బొగ్గును మాడ్చి చేసే ఇంధనం) బట్టీలు కాలుతూనే ఉన్నాయి, 2025 ఆగస్టులో అక్కడ పేలుడు జరిగి ఇద్దరు చనిపోయారు. రాత్రి చల్లగాలి లోయ అడుక్కి చేరి, పైన వెచ్చగాలి మూతలా కూర్చుందంటే పొగ ఎటూ కదలదు. అలాంటి రోజుల్లో తెల్లవారుజామునే కుళ్లిన కోడిగుడ్ల కంపుకి మెలకువ వస్తుంది. మా బాబుకి ఉబ్బసం. కిటికీలన్నీ మూసి, ఫిల్టర్ పెట్టుకుని, పొద్దెక్కేదాకా వాడి పక్కనే కూర్చుంటాం.

అద్దెకుంటున్నా:
అసలు కోలుకున్నది ఎవరు? ఈస్ట్ లిబర్టీ పక్కన పాత నాబిస్కో బిస్కెట్ ఫ్యాక్టరీలోకి గూగుల్ వచ్చింది, ఆ చుట్టుపక్కల అద్దెలు పెరిగాయి. 2015లో అక్కడి పెన్ ప్లాజా అపార్ట్‌మెంట్లలో అద్దెకున్నవాళ్లని ఖాళీ చేయమన్నారు, 200కి పైగా ఇళ్లు. వేరే పేటలో మాకూ అలాంటి నోటీసే వచ్చింది, పిల్లకి పరీక్షలు జరుగుతుండగా. మిల్లులు మూతపడ్డప్పుడు కూడా ఊరు వదలని ముసలివాళ్లు మా పక్కింట్లో ఉండేవారు, వాళ్లూ వెళ్లిపోయారు.

మూడునదుల_గట్టు:
లోయలో ఇల్లు గారూ, బాబు సంగతి చదివాక "ధైర్యంగా రండి" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. 1940ల్లో పట్టపగలు వీధిదీపాలు వెలిగించుకున్న ఊరిది, 1946 నుంచి పొగ చట్టం గట్టిగా అమలు చేశాకే ఆకాశం కనిపించింది. ఇప్పుడూ అడిగితేనే జరుగుతుంది, కౌంటీ మీటింగులకి నేనూ వస్తాను. అద్దెల విషయంలో నా దగ్గర జవాబు లేదు, మీరన్నది నిజం. కొత్తగా వస్తున్నవారూ, ఇల్లు చూడ్డానికి మధ్యాహ్నం వెళ్లకండి. గాలి కదలని రోజు ఉదయం ఆరింటికి ఆ వీధిలో పది నిమిషాలు నిలబడండి. అయినా కొనేముందు ఒక ఏడాది అద్దెకుండటం మేలు.

కొత్తగా_వస్తున్నా:
మాతో ఉండే మా అమ్మకీ ఆయాసం ఉంది, అది రాయడం మర్చిపోయాను. కొనడం ఆపేశాం. వచ్చే నెల అద్దె ఇళ్లు చూడ్డానికి వస్తున్నాం, ఉదయం ఆరింటికే వెళ్తాం.