బావినీటి నైట్రేటు కొలిచే పొర మూడు రోజులకే చచ్చుబడుతోంది: లోపం మీటరుదా, లవణానిదా?

ప్రశ్న (పర్లాకిమిడి నుండి)

అందరికీ నమస్కారం. నేను పర్లాకిమిడిలో ఒక కళాశాలలో రసాయనశాస్త్రం బోధిస్తున్నాను. మహేంద్రతనయ ఒడ్డున ఉన్న కొన్ని ఊళ్ల బావుల్లో నైట్రేటు ఎంత ఉందో మా విద్యార్థినుల చేత కొలిపించాలని ఈ ఏడాది పూనుకున్నాము. ఆ ఊళ్లలో పసిపిల్లలకు పాలపొడిని బావినీటితోనే కలిపి పట్టిస్తున్నారు. నీళ్లు కాచితే సరిపోతుందని తల్లులు నమ్ముతున్నారు గాని, కాచితే కొంత నీరు ఆవిరై మిగిలిన నీటిలో నైట్రేటు ఇంకా చిక్కబడుతుందే తప్ప పోదు. తాగునీటి భారత ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదు.

నైట్రేటు గాఢతను బట్టి మిల్లీవోల్టులు చూపే పొరగల ఎలక్ట్రోడు కొనే స్తోమత మా శాఖకు లేనందున ఆ పొరను మేమే పోసుకున్నాము. పి.వి.సి. ప్లాస్టిక్ పొడినీ, దానిని మెత్తబరిచే నూనెవంటి డైబ్యూటైల్ థాలేటునూ, అయాన్ మార్పిడి కోసం బీరువాలో ఉన్న సీటాబ్‌ను, అంటే సీటైల్ ట్రైమిథైల్ అమ్మోనియం బ్రోమైడునూ టి.హెచ్.ఎఫ్. (టెట్రాహైడ్రోఫ్యురాన్) అనే ద్రావణిలో కరిగించి గాజు ఉంగరంలో పోశాము. మొదటి రోజు నైట్రేటు గాఢత పది రెట్లు మారితే 48 మిల్లీవోల్టుల తేడా వచ్చింది. మూడవ రోజుకు అది 31కి దిగింది. ఐదవ రోజున ఏ ద్రావణంలో ముంచినా దాదాపు ఒకే అంకె చూపింది. పొరను నానబెట్టిన నీటిని కదిపితే సన్నగా నురగ కూడా వస్తోంది. వానాకాలంలో పోసిన పొరలైతే పాలు విరిగినట్టు తెల్లగా తయారవుతున్నాయి. లోపం మీటరుదా, పొరదా? గాజుగొట్టం బాధ లేకుండా ఇదే ద్రావణాన్ని రాగి తీగకు పూతగా పూస్తే పనిచేస్తుందా?

జవాబు (బరంపురం నుండి)

అమ్మా, మీటరును అనుమానించనక్కరలేదు. మీరు చూసిన నురగే అసలు సంగతి చెప్పేసింది. సీటాబ్ అణువుకు పదహారు కార్బన్ల తోక ఒక్కటే ఉంటుంది, మిగిలిన మూడు చేతులూ పొట్టి మిథైల్ గుంపులే. అందుచేత అది సబ్బులాగా నీటిలోకి ఇట్టే దిగిపోతుంది. పొరలో నైట్రేటును పట్టి ఉంచవలసిన ధనావేశమే రోజురోజుకూ నీటిలోకి జారిపోతుంటే స్పందన నిలవడం ఎలా సాధ్యం?

ఈ పనికి చాలాకాలంగా వాడుతున్నది ట్రైడోడెసైల్ మిథైల్ అమ్మోనియం లవణం. దానికి పన్నెండేసి కార్బన్ల తోకలు మూడు ఉంటాయి కనుక అది నూనెవంటి పొరను విడిచి నీటిలోకి రావడానికి ఇష్టపడదు. ధర ఎక్కువే, కాని ఒక పొరకు 15 మిల్లీగ్రాములు చాలు. అది దొరకకపోతే అలిక్వాట్ 336 అనే ద్రవాన్ని వాడవచ్చు. దాని తోకలు ఎక్కువగా ఎనిమిది కార్బన్లవి కనుక పొర ఆయుష్షు తగ్గుతుంది గాని, విద్యార్థుల పనికి అది తక్కువేమీ కాదని నా అభిప్రాయం.

పాళ్లు ఇలా తీసుకోండి: పి.వి.సి. 100 మిల్లీగ్రాములు, డైబ్యూటైల్ థాలేటు 190, లవణం 15, టి.హెచ్.ఎఫ్. 3 మిల్లీలీటర్లు. దీనిని 28 మిల్లీమీటర్ల ఉంగరంలో పోస్తే అర మిల్లీమీటరుకు కొంచెం తక్కువ దళసరి పొర వస్తుంది. పి.వి.సి. ప్రయోగశాలల కోసం అమ్మే శుద్ధమైన పొడే కావాలి. నీటి గొట్టం ముక్కలను కరిగించవద్దు, వాటిలో సున్నపురాతి పొడి వంటివి కలిపి ఉంటాయి. పొర తెల్లబడటానికి కారణం గాలిలోని తేమ: టి.హెచ్.ఎఫ్. వేగంగా ఆవిరవుతూ పొరను చల్లబరచడంతో ఆ తేమ దానిపై నీరుగా దిగుతుంది. ఉంగరంపై వడపోత కాగితం కప్పి, దానిమీద బరువు పెట్టి, ఒకటి రెండు రోజులు నెమ్మదిగా ఆరనివ్వండి. టి.హెచ్.ఎఫ్.కు నిప్పు త్వరగా అంటుకుంటుంది కనుక గాలి ఆడేచోట, మంటకు దూరంగా పనిచేయించండి.

ఆరిన పొర నుండి చిన్న బిళ్ల కోసి గొట్టం చివర అతికించి, లోపల 0.01 మోలార్ పొటాషియం నైట్రేటు, 0.01 మోలార్ సోడియం క్లోరైడు కలిసిన ద్రావణం పోసి, క్లోరైడు పూత ఉన్న వెండి తీగను దించండి. లవణం క్లోరైడు రూపంలో వచ్చినా, పొరను ఒక రాత్రి పొటాషియం నైట్రేటులో నానబెడితే నైట్రేటు రూపానికి మారుతుంది. సిద్ధాంతం ప్రకారం వాలు, అంటే గాఢత పది రెట్లు మారితే వచ్చే తేడా, 25 డిగ్రీల వద్ద 59.2 మిల్లీవోల్టులు, 35 డిగ్రీల వద్ద 61.1. మన ఎండల్లో ఈ తేడాను విస్మరించకూడదు. ప్రామాణిక ద్రావణాలూ, బావి నీరూ ఒకే ఉష్ణోగ్రతకు వచ్చాకే కొలవండి.

జవాబు (రాయగడ నుండి)

బరంపురం మాస్టారు చెప్పినదానికి నా అనుభవం కొంత కలుపుతాను. నేను ఒక కర్మాగారపు నీటి పరీక్షశాలలో పనిచేశాను. ఈ పొర నైట్రేటును పోల్చుకుని ఎంచుకోదు. నీటిని వదులుగా పట్టుకునే ఋణ అయాను ఏదైనా నూనెలోకి సులువుగా వస్తుంది, అంతే. గుడ్డు తెల్లసొన ప్రోటీన్లను లవణాలు ఎలా విరగ్గొడతాయో పరిశీలిస్తూ 1888లో ప్రేగ్‌లో ఫ్రాంజ్ హాఫ్‌మైస్టర్ గమనించిన వరుసే ఇక్కడా వర్తిస్తుంది: పర్‌క్లోరేటు, థయోసయనేటు, అయోడైడు ముందు, తరువాత నైట్రేటు, ఆ వెనుక బ్రోమైడు, నైట్రైటు, క్లోరైడు, బైకార్బనేటు, చిట్టచివర సల్ఫేటు.

అందుకే నమూనాలన్నిటికీ అయాన్ల బలం (ద్రావణంలో మొత్తం అయాన్ల మోతాదు) సమానం చేయడానికి అమ్మోనియం సల్ఫేటు కలుపుతారు; సల్ఫేటు ఈ పొరకు దాదాపు కనబడదు. పోలిక కోసం పక్కన ముంచే మీ రిఫరెన్సు ఎలక్ట్రోడు సాధారణ కాలొమెల్ (పాదరసపు క్లోరైడు) రకం అయితే దాని నుండి పొటాషియం క్లోరైడు నమూనాలోకి కారుతుంది కనుక రెండు గదులది తీసుకుని, బయటి గదిలో అమ్మోనియం సల్ఫేటు నింపండి.

ఇంకొక జాగ్రత్త చెప్పడం నాకు చాలా ముఖ్యమనిపిస్తోంది. బట్టల సబ్బుపొడిలోని డిటర్జెంటు ఋణ అయాన్లు ఈ పొరకు నైట్రేటుకన్నా ఎంతో ప్రియమైనవి, ఒకసారి లోపలికి దూరితే త్వరగా వదలవు. సీసాలను సబ్బుపొడితో కడగవద్దు. బావి గట్టున బట్టలుతికే బండ దగ్గర చేరిన నీటిని కాక, తోడిన నీటినే పట్టండి.

తిరిగి ప్రశ్న (పర్లాకిమిడి నుండి)

ఇద్దరికీ కృతజ్ఞతలు. క్లోరైడు ఎంత ఉంటే భయపడాలి? తీగ పూత సంగతి కూడా దయచేసి చెప్పండి.

జవాబు (బరంపురం నుండి)

ఇటువంటి పొరలో నైట్రేటుతో పోలిస్తే క్లోరైడు ప్రభావాన్ని సుమారు 0.005 వంతుగా తీసుకోవచ్చు. లీటరుకు 250 మిల్లీగ్రాముల క్లోరైడు అంటే సుమారు 7 మిల్లీమోల్‌లు, అందులో 0.005 వంతు నైట్రేటుగా లెక్కిస్తే లీటరుకు రెండు మిల్లీగ్రాముల పైచిలుకు. 45 దరిదాపుల్లో ఉన్న బావికి ఇది పెద్ద దోషం కాదు. క్లోరైడు 1000 ఉంటే మాత్రం దొంగ నైట్రేటు తొమ్మిది మిల్లీగ్రాములకు చేరువవుతుంది. మా గోపాలపురం వైపు ఉప్పునీటి బావులకు నేను క్లోరైడును వెండి నైట్రేటుతో విడిగా అంశమాపనం చేసి, అంటే దాని ద్రావణాన్ని చుక్కచుక్కగా పోసి కొలిచి, ఆ మేరకు తీసివేస్తాను. ఆ అంశమాపనానికి వాడిన నీటిని మాత్రం మళ్లీ నైట్రేటు కొలతకు వాడకూడదని పిల్లలకు తప్పక చెప్పండి.

పూత పూసిన తీగ కొత్త ఆలోచన కాదు, 1971లోనే కాట్రల్, ఫ్రైజర్ దానిని ప్రచురించారు. అయితే పూత కిందికి నీరు మెల్లగా ఊరి చేరుతుంది, అక్కడి పొటెన్షియల్ స్థిరంగా నిలవక గంటగంటకూ జరుగుతుంది. పైగా రాగికి తుప్పు పడుతుంది. పూతే కావాలంటే గ్రాఫైటు కడ్డీ తీసుకోండి, ప్రతి నాలుగైదు నమూనాలకూ ఒకసారి ప్రామాణిక ద్రావణంతో సరిచూడండి. పిల్లలు నేర్చుకునే దశలో గాజుగొట్టమే మేలని నేను గట్టిగా చెబుతాను.

తాజా సమాచారం (పర్లాకిమిడి నుండి)

ట్రైడోడెసైల్ లవణంతో పోసిన పొర మూడు వారాలుగా 56, 57 మిల్లీవోల్టుల మధ్య నిలకడగా ఉంది. నానబెట్టిన నీటిలో నురగ లేదు. పశువులశాల పక్కన ఉన్న ఒక బావి లీటరుకు 71 మిల్లీగ్రాములు చూపింది. నమూనాను సరిగ్గా సగానికి పలుచన చేస్తే 36 వచ్చింది. ఈ సంగతి ఆ ఇంటివారికి ఇప్పుడే చెప్పవచ్చా?

జవాబు (రాయగడ నుండి)

పలుచన చేసినప్పుడు అంకె సగమైందంటే పొర సరిగానే పలుకుతోంది. అయినా మరొక రోజు తోడిన నీటిని తీసుకుని, తెలిసిన మోతాదు నైట్రేటు కలిపి, ఆ మేరకు అంకె పెరుగుతోందో లేదో చూడండి, ఒక సీసాను ప్రభుత్వ నీటి పరీక్షశాలకూ పంపండి. ఆ ఫలితం వచ్చేదాకా ఆగకుండా, పసిబిడ్డ పాలకు మాత్రం వేరే బావి నీటిని వాడమని ఈరోజే చెప్పి రండమ్మా.