హిట్లర్‌ను షికాగో గూండాగా చూపితే నియంత మరీ చిన్నవాడైపోడా? (ఆర్టురో ఉయి నాటకం గురించి)

ప్రశ్న: రంగస్థల విద్యార్థిని

జర్మన్ నాటకకర్త బెర్టోల్ట్ బ్రెక్ట్ ఫిన్లాండులో ప్రవాసిగా అమెరికా వీసా కోసం ఎదురుచూస్తూ 1941లో కొద్ది వారాల్లోనే రాసిన ఆర్టురో ఉయి నాటకాన్ని మా బృందం చదువుతోంది. అందులో హిట్లర్ ఉయి అనే షికాగో ముఠానాయకుడు. నాజీ నేతలు గోరింగ్ గిరిగా, గోబెల్స్ గివోలాగా, ఆస్ట్రియా సిసెరో పట్టణంగా కనిపిస్తాయి. పోలికలు బాగానే కుదిరాయి కానీ, కూరగాయల వ్యాపారులను బెదిరించి మామూళ్ళు గుంజే రౌడీగా అతన్ని చూపినప్పుడు, నాజీలకు లక్షలాది మంది ఇష్టపడి వేసిన ఓట్లు, యూదులపై రెచ్చగొట్టిన ద్వేషం ఎక్కడికి పోయాయన్నది నా సందేహం. ప్రేక్షకులు నవ్వుకుని వెళ్ళిపోతే ఈ నాటకం వల్ల ప్రయోజనమేమిటి?

జవాబు: పాత ప్రేక్షకుడు

మీరు ఉయి మీదే చూపు నిలిపారు. నా దృష్టిలో నాటకానికి కీలకం ముసలి డాగ్స్‌బరో. మాంద్యంలో సరుకు అమ్ముడుపోక విలవిలలాడుతున్న కాలీఫ్లవర్ ట్రస్టు పెద్దలు, రేవు కట్టడం పేరిట నగర ఖజానా నుంచి అప్పు రాబట్టుకోవడానికి, నిజాయితీపరుడని ఊరంతా నమ్మే ఆ పెద్దమనిషికి ఓడల కంపెనీ వాటాలు కారుచౌకగా కట్టబెడతారు, పైగా ఒక పల్లె బంగళా కానుకగా ఇస్తారు. ఆ గుట్టు ఉయి చేతికి చిక్కుతుంది. మొదట ఎవరూ గుమ్మం తొక్కనివ్వని వాడు ఆ ఒక్క గుట్టుతో ఇంటి లోపలికి వస్తాడు. డాగ్స్‌బరో వెనకున్నది నాటి జర్మనీ అధ్యక్షుడు హిండెన్‌బర్గ్. ఆయనకు 1927లో నోయ్‌డెక్ ఎస్టేటు కానుకగా అందింది; తూర్పు ప్రాంత భూస్వాములకిచ్చిన ప్రభుత్వ సాయంలో జరిగిన అవకతవకలు తర్వాత కుంభకోణమయ్యాయి. ఆ హిండెన్‌బర్గే 1933 జనవరి 30న హిట్లర్‌ను ఛాన్సలర్‌గా నియమించాడు. గౌరవనీయులు ఒక్కొక్కరే తలుపు తీయడాన్ని ఇంత వివరంగా చూపిన నాటకంలో నియంత చిన్నవాడిగా కనిపించడం లోపం కాదు, అసలు ఆరోపణే అది.

జవాబు: సందేహజీవి

పై మాటతో సగమే ఏకీభవిస్తాను. ఈ ప్రహసనంలో ఫాసిజపు అసలు భయానకత మరుగున పడిందని, సమాజంలోని బలమైన శక్తులు చేసిన పని ఒక అల్పమైన ముఠా పనిగా కుదించుకుపోయిందని తత్త్వవేత్త అడోర్నో విమర్శించాడు. ఆ విమర్శను తేలిగ్గా కొట్టిపారేయలేము. ముఠాకు డబ్బు కావాలి, అంతే; దానికి జాతి సిద్ధాంతం అక్కరలేదు. అందువల్ల యూదుల ప్రసక్తి ఈ కథ చట్రంలో ఇమడదు. అయితే అతికినట్లు సరిపోయిన చోట్లు లేకపోలేదు: గోదాము తగలబడినప్పుడు ఫిష్ అనే నిరుద్యోగికి మత్తుమందు ఇచ్చి బోనెక్కించే విచారణ దృశ్యాలు 1933లో జర్మన్ పార్లమెంటు భవనం తగలబడిన రైష్‌స్టాగ్ దహనం కేసును తలపిస్తాయి. అక్కడ నవ్వు గొంతులోనే ఆగిపోతుంది.

జవాబు: ఒక నటుడు

మీ ప్రశ్నకు నాటకం చివరి దృశ్యంలో కొంత జవాబుంది. షికాగో, సిసెరో వ్యాపారులను సమావేశపరచి, తనను ఒప్పుకోనివారు నిరభ్యంతరంగా వెళ్ళిపోవచ్చని ఉయి అంటాడు. ఒకడు లేచి బయటికి నడుస్తాడు. తుపాకీ పేలిన చప్పుడు వినిపిస్తుంది. ఆ తర్వాత చేతులన్నీ లేస్తాయి. ఇది భయంతో పుట్టిన సమ్మతి కనుక, ఇష్టపడి ఓటేసినవారి సంగతి మిగిలే ఉంటుందని మీరనవచ్చు, ఒప్పుకుంటాను.

ప్రదర్శించే ఉద్దేశముంటే మాత్రం, పాతకాలపు నటుడొకడు ఉయికి నడవడం, నిలబడడం, కూర్చోవడం, జూలియస్ సీజర్‌లోని ఆంటోనీ ప్రసంగంతో మాట్లాడడం నేర్పే దృశ్యాన్ని వీలైనంత నెమ్మదిగా నడపండి. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషి కొద్ది నిమిషాల్లో మనకు తెలిసిన ఆ భంగిమలోకి వస్తాడు, ప్రేక్షకులు నవ్వుతూనే ఉంటారు. 1959లో బ్రెక్ట్ నాటక బృందం బెర్లినర్ ఆన్‌సాంబుల్ ప్రదర్శనలో ఎకెహార్డ్ షాల్, 1995లో హైనర్ మ్యూలర్ దర్శకత్వంలో మార్టిన్ వుట్కె ఈ పాత్రతో పేరు తెచ్చుకున్నారు. బ్రెక్ట్ 1956లోనే మరణించాడు. తొలి ప్రదర్శన 1958లో ష్టుట్‌గార్ట్‌లో జరిగింది కనుక ఆయన దీన్ని వేదికపై చూడనేలేదు. దృశ్యాల మధ్య జర్మనీ సంఘటనలను గుర్తుచేసే పలకలను మాత్రం తీసేయకండి. అవి లేకపోతే మన ప్రేక్షకులకు మిగిలేది ఒక షికాగో మాఫియా కథే.