‘సీలు పోయింది’ అంటే ఏం పోయినట్టు?

అడిగినవారు: ఆటోనగర్‌లో పని నేర్చుకునే పిల్లల కోసం కారు ఇంజన్ ముందువైపు క్రాంక్ ఆయిల్ సీలు (తిరిగే క్రాంకు షాఫ్టు చుట్టూ ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు) మార్చడం మీద తెలుగులో పాఠం రాస్తున్నాం. ‘సీలు పోయింది’ దగ్గర ఆగిపోయాం. కరెంటు పోయింది, బ్యాటరీ పోయింది, సీలూ పోయింది. పాఠంలో ఈ మాట ఉంచొచ్చా? అలాగే సీలు ఎక్కించడాన్ని ‘కొట్టడం’ అని రాయొచ్చా?

జవాబు: ఉంచకండి. బండి యజమానికి చెప్పడానికి సరిపోతుంది గానీ పని నేర్చుకునేవాడికి చాలదు. ముందు ఆయిల్ ఎలా వస్తోందో రాయించండి. టైమింగ్ కవర్ కింద దుమ్ము పట్టి జిడ్డుగా ఉంటే ‘చెమరుస్తోంది’. బండి ఆపిన చోట నేల మీద బొట్లు పడితే ‘కారుతోంది’. పుల్లీ తిరుగుతుంటే చుట్టూ ఎగిరి చక్రం లోపలి ప్లాస్టిక్ మీద చారలా పడితే ‘చిమ్ముతోంది’. ఈ మూడోది కనబడితే క్రాంక్ సీలు మీద అనుమానం బలపడుతుంది. మొదటి రెండూ పైనున్న వాల్వ్ కవర్ గ్యాస్కెట్ నుంచి జారిన ఆయిల్ వల్ల కూడా రావచ్చు. అంతా శుభ్రంగా తుడిచి, ఇంజన్ కాసేపు ఆడించి, పైనుంచి కిందికి చూసుకుంటూ రావాలి.

జవాబు: ‘పోయింది’ బదులు నాలుగు మాటలు కావాలె అన్నా, ఎందుకంటే నాలుగింటికీ పని వేరు. వేడికి లిప్, అంటే షాఫ్టును తాకే సీలు లోపలి అంచు, గట్టిపడ్డదంటే కొత్త సీలు వేస్తే అయిపోతది. లిప్ చినిగిందంటే వేసేటప్పుడే తప్పు జరిగింది. షాఫ్టు మీద కీ (పుల్లీ జారకుండ పెట్టే చిన్న ఇనుప ముక్క) కూసునే గాడి అంచు పదునుగ ఉంటది, దాని మీద టేపు చుట్టకుండ ఎక్కిస్తే కోసుకుంటది. లిప్ రాసుకొని షాఫ్టుకు అరుగుడు గాడి పడ్డదంటే గోరుతోని గీస్తే తెలుస్తది. అప్పుడు షాఫ్టు మీద సన్నటి స్లీవ్ (తొడుగు) ఎక్కియ్యాలె, లేకుంటే సీలు కూసునే గూట్లో చోటుంటే సీలును ఒక మిల్లీమీటరు అటో ఇటో జరిపి కూసోబెట్టాలె. కొన్ని ఇంజన్లల్ల లిప్ పుల్లీ మెడ మీదనే తిరుగుతది, అక్కడ గాడి పడితే పుల్లీ మార్చుడే. ఇగ నాలుగోది, సీలు బయటికి తోసుకొచ్చింది. క్రాంక్‌కేసుల (క్రాంకు తిరిగే ఇంజన్ కింది గది) గ్యాసును బయటికి వదిలే పీసీవీ వాల్వ్ మూసుకుపోయి అక్కడ ఒత్తిడి పెరిగితే ఇట్లయితది. అది చూడకుండ ఎన్ని సీళ్లు మార్చినా మళ్లా కారుతది.

జవాబు: ‘కొట్టడం’ తీసేసి ‘దించడం’ పెట్టండి. సీలు బయటి వ్యాసానికి సరిపడే సాకెట్టో పైపు ముక్కో ఆనించి, చుట్టూ సమంగా, కొంచెం కొంచెంగా దించాలి. ఒక పక్క ముందు దిగితే ఇనుప రింగు వంకర పోతుంది. స్ప్రింగు ఉన్న వైపు ఇంజన్ లోపలికి ఉండాలి. పాతది తీయడానికి స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే షాఫ్టు మీద గీత పడుతుంది. సీలు ముఖానికి 2 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, స్క్రూ బిగించి, ప్లయర్‌తో లాగాలి. మామూలు రబ్బరు లిప్‌కి ఇంజన్ ఆయిల్ రాయాలి. టెఫ్లాన్ లిప్ అయితే ఆయిల్ తగలకుండా, దాంతో వచ్చిన ప్లాస్టిక్ తొడుగుతోనే ఎక్కించాలి. ఇది పెద్ద అక్షరాల్లో వేయండి.

అడిగినవారు: లిప్‌ని ‘పెదవి’ అందామా?

జవాబు: వద్దండీ, రాణిగంజ్‌లో సీళ్ల కొట్టుకెళ్లి పెదవి అంటే అర్థం కాదు. అక్కడ పనికొచ్చేవి సీలు మీద అచ్చైన అంకెలు. 35-50-8 అంటే లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం, మిల్లీమీటర్లలో. కొలత ఒకటే అయినా రబ్బరు వేరు కావచ్చు. నైట్రైల్ సుమారు 100 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, విటాన్ 200 దాకా. బాణం గుర్తుంటే అది క్రాంకు తిరిగే వైపే చూపాలి.

జవాబు: ‘పుల్లీ బోల్టు బిగించాలి’ అని వదిలేయకండి. టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా), ఆ ఇంజన్ మాన్యువల్‌లోని అంకెకి బిగించాలి. కొన్నిటికి ఆ తర్వాత ఇన్ని డిగ్రీలు తిప్పమని ఉంటుంది, అలాంటి బోల్టు సాధారణంగా కొత్తదే వేయాలి. టైమింగ్ బెల్టు బండి అయితే క్రాంకు, క్యాము (వాల్వులు తెరిచే షాఫ్టు) గుర్తులు కలిపాకే బెల్టు తీయాలి. తీశాక క్రాంకూ క్యామూ తిప్పితే చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్‌కి తగిలి వంగుతాయి. నూనె తాగిన బెల్టును తుడిచి మళ్లీ వేయకూడదు, మార్చాల్సిందే.

అడిగినవారు: అయితే నమూనా వాక్యం ఇలా మారుస్తాం: ‘లిప్ గట్టిపడి చెమరుస్తోంది, షాఫ్టుకి గాడి లేదు, పీసీవీ వాల్వ్ బాగుంది.’

జవాబు: పాత సీలు గూటి అంచు నుంచి ఎంత లోతులో ఉందో కూడా రాయించండి. తీయకముందే వెర్నియర్‌తో కొలవాలి, తీశాక ఆ కొలత దొరకదు.