ఆథెంటికేటర్ యాప్‌కి మారేముందు ఏం సర్దుకోవాలి?

చుక్కాని: ఎస్సెమ్మెస్ ఓటీపీ మానేసి, లాగిన్ కోడ్‌లను ఫోన్‌లోనే తయారుచేసే ఆథెంటికేటర్ యాప్‌కి మారాలి. ఫోన్ పోతే అకౌంట్లూ పోతాయేమోనని భయం. ఏది ముందు, ఏది వెనక?

తాళంగుత్తి: ముందు మెయిల్ అకౌంట్. మిగతా వాటి పాస్‌వర్డ్ రీసెట్ లింకులన్నీ వచ్చేది అక్కడికే. అకౌంట్‌ని యాప్‌కి జతచేసేటప్పుడు క్యూఆర్ కోడ్ వస్తే, స్కాన్ చేసి ఊరుకోకండి. "స్కాన్ కావడం లేదా?" లాంటి లింకు నొక్కితే ఆ క్యూఆర్‌లో దాగిన రహస్యం, అంటే కోడ్‌లన్నిటికీ మూలమైన తాళం, అక్షరాల్లో కనిపిస్తుంది. దాన్ని కాగితం మీద రాసుకుంటే ఏ కొత్త ఫోన్‌లో ఎక్కించినా అవే కోడ్‌లు వస్తాయి. సాధారణంగా ఆ పేజీ మూసేశాక మళ్లీ చూపించరు. తర్వాత బ్యాకప్ కోడ్‌లు, అంటే యాప్ చేతిలో లేనప్పుడు లాగిన్‌కి వాడేవి. గూగుల్ 8 అంకెలవి 10 ఇస్తుంది, ఒక్కోటి ఒక్కసారికే. స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్‌లో దాచితే ఫోన్‌తో పాటే పోతాయి.

అర్ధనిమిషం: కోడ్ సరిగ్గా కొట్టినా తప్పంటే ముందు ఫోన్ గడియారం చూడండి. ఆ రహస్యాన్నీ అప్పటి టైమునీ కలిపి యాప్ 30 సెకన్లకో 6 అంకెల కోడ్ లెక్కగడుతుంది. నెట్ అక్కర్లేదు. సర్వరూ అదే లెక్క వేస్తుంది కాబట్టి ఫోన్ టైము రెండు మూడు నిమిషాలు తప్పినా లెక్క కలవదు. ఆటోమేటిక్ టైము ఆన్ చేస్తే సరి.

కావలి: యాప్ పెట్టి ఎస్సెమ్మెస్‌ని అలాగే వదిలేస్తే కష్టమంతా వృథా. మీ నంబరు మీద వేరే సిమ్ తీయించుకున్నవాడు "మరో పద్ధతి" నొక్కి ఓటీపీ తెప్పించుకుంటాడు. నంబరును రెండో అంచెలోనే (పాస్‌వర్డ్ తర్వాత కోడ్ అడిగే చోట) కాదు, రికవరీలోనూ (పాస్‌వర్డ్ మర్చిపోతే అకౌంట్ తిరిగి తెచ్చుకునే చోట) తీసేయండి.

తాళంగుత్తి: తీసేముందు పరీక్షించండి. ఇప్పుడున్న లాగిన్ అలాగే ఉంచి, ప్రైవేట్ విండోలో యాప్ కోడ్‌తో ఒకసారి, బ్యాకప్ కోడ్‌తో ఒకసారి లోపలికి వెళ్లి చూడండి. రెండూ పనిచేశాకే నంబరు జోలికి వెళ్లండి.

కావలి: అవును, ఆ మాట ముందే చెప్పాల్సింది. ఇంకోటి: యాప్ కోడ్‌నీ దొంగ పేజీ కాజేయగలదు. మీరు కొట్టిన ఆరంకెల్ని ఆ క్షణమే అసలు సైట్‌కి పంపేస్తుంది. పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు ఫోన్ లాక్‌తో లాగిన్ చేయించేది), సెక్యూరిటీ కీ (లాగిన్‌కి వాడే చిన్న పరికరం) అలా మోసపోవు. అవి సైట్ చిరునామాతో ముడిపడి ఉంటాయి, ఒక్క అక్షరం తేడా ఉన్నా పనిచేయవు. మెయిల్‌కైనా వీటిలో ఒకటి పెట్టుకోండి. కీ కొంటే రెండు కొనాలి, రెండూ నమోదు చేయాలి.

అర్ధనిమిషం: మీరు లాగిన్ కాకుండానే "మీరేనా?" అని నోటిఫికేషన్ వస్తే కాదని నొక్కి, వెంటనే పాస్‌వర్డ్ మార్చండి. చాలాసార్లు అది అప్పటికే బయటపడిందని గుర్తు.

చుక్కాని: ఫోన్ మార్చేటప్పుడో?

తాళంగుత్తి: కొత్తదాంట్లో ఒక్కో అకౌంట్‌కీ కోడ్ పనిచేస్తోందని లాగిన్ అయి చూసేదాకా పాతదాన్ని రీసెట్ చేయకండి.